జీడిమామిడి కొమ్మలు ఎండిపోతున్నాయా? మందు డబ్బా కొనే ముందు చేయాల్సిన పనులు

బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ చింతామణి, శ్రీనివాసపుర వైపు ఎకరమో రెండెకరాలో కొనుక్కున్న మనవాళ్ళు చాలామందే ఉన్నారు. వారమంతా ల్యాప్‌టాప్, శనివారం పొద్దున్నే హొసకోటె దాటి తోట. నేనూ ఆ బాపతే. మాది ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా పెదనాన్న వాళ్ళ జీడితోట ఒక్క రాత్రిలో పడిపోయింది. ఆ బెంగ తీర్చుకోవడానికో ఏమో, చింతామణి దగ్గర చూసిన నేలలో పాత జీడిచెట్లు ఉన్నాయనగానే బేరం కూడా సరిగ్గా ఆడలేదు.

కొన్న మొదటి డిసెంబరులోనే ఒక చెట్టు కొసల నుంచి ఎండటం మొదలైంది. మొదలు దగ్గర బంక కారుతోంది. ఫొటో చూపిస్తే దుకాణంలో "ఫంగస్ సార్" అని మూడు డబ్బాలు చేతిలో పెట్టారు. రెండు నెలలు కొట్టాం. మార్చికి చెట్టు పోయింది. అప్పుడు తోట చూసుకునే పెద్దాయన కొడవలి మొనతో మొదట్లో బెరడు లేపి చూపించాడు. "చూడప్పా, నువ్వు మందు కొట్టింది ఆకులకి. వీడు కింద కూర్చోని తింటా ఉండాడు." లోపలంతా తడి రంపపు పొట్టు, దాని మధ్య వేలంత లావు తెల్లటి పురుగు. అది కాండం తొలిచే పురుగు పని. అసలు తెగులే లేని చెట్టుకి తెగులు మందు కొట్టామన్నమాట.

అప్పటినుంచి మా తోటలో వరస మారింది. ముందు చూడటం, తర్వాత కోయడం, కోసినచోట పూత పూయడం, అన్నిటికంటే చివర పిచికారీ. ఇక్కడ కూడా అదే వరసలో చెప్తాను.

1. ముందు ఎవరి పనో తేల్చండి

దీనికి అరగంట చాలు. పొద్దున ఏడు, ఎనిమిది మధ్య వెళ్ళండి. ఎండ ఏటవాలుగా పడుతుంది కాబట్టి బంక చుక్కలు మెరుస్తూ కనిపిస్తాయి. ఒక చిన్న భూతద్దం, ఒక పదునైన చాకు ఉంటే చాలు.

మొదట చెట్టు మొదలు చూడండి. నేలకి మూడడుగుల లోపు చిన్న చిన్న రంధ్రాలు, వాటిలోంచి బంకతో కలిసిన పొట్టు బయటికి వస్తుంటే అది పురుగు. పొట్టు ఉందా లేదా అన్నదే తేడా, బంకని చూసి మోసపోవద్దు. బెరడు చెక్కి పురుగులన్నీ ఏరి చంపి, మొదలంతా ఐదు శాతం వేపనూనె పూయాలి. మొదలు చుట్టూ బెరడు సగానికి పైగా తినేసి ఉంటే ఆ చెట్టు మీద ఆశ వదులుకుని, వేర్లతో సహా తీసేయడమే పక్క చెట్లకి మంచిది.

పొట్టు లేకుండా, కాండం మీదో పెద్ద కొమ్మ మీదో బెరడు నల్లబడి ఉబ్బి, చీలికల్లోంచి బంక కారుతుంటే అది బంక తెగులు. లాసియోడిప్లోడియా అనే శిలీంధ్రం దీనికి కారణం. ఇది గాయాల్లోంచి దూరుతుంది. నీటి ఎద్దడితో నీరసించిన చెట్టంటే దీనికి మరీ ఇష్టం.

తర్వాత కొమ్మల పంగల్లోకి చూడండి. వానాకాలంలో పంగ దగ్గర తెల్లటి పట్టుపోగుల్లాంటి పొర మొదలై, కొన్నాళ్ళకి లేత గులాబీ రంగు పెచ్చుగా గట్టిపడితే అది గులాబీ తెగులు. అక్కడ బెరడు చీలి ఊడుతుంది. దానికి పైనున్న కొమ్మకి నీళ్ళు అందక ఆకులు పసుపెక్కి రాలతాయి. కింద నుంచి చూసేవాళ్ళకి కొస ఎండినట్టు కనిపిస్తుంది. అసలు పుండు మాత్రం నాలుగడుగుల కిందే ఉంటుంది. చాలామంది ఎండిన కొస ఒక్కటే కత్తిరించి వచ్చేది ఇక్కడే.

లేత చిగుళ్ళ మీద ఎర్రటి గోధుమ రంగులో, నీళ్ళు తాగినట్టు మెరిసే మచ్చలు, వాటిమీద చిన్న బంక చుక్కలు, ఆకు ముడుచుకుపోవడం కనిపిస్తే ఆంత్రాక్నోస్. కొల్లెటోట్రైకమ్ శిలీంధ్రం చేసే పని ఇది. మామిడిపూత నల్లగా మాడిపోవడం మీరు చూసే ఉంటారు, అదీ ఈ జాతి చలవే.

ఇక మిగిలింది, అందరూ తెగులనుకునే పురుగు: టీ దోమ. పేరు దోమే గానీ రసం పీల్చే నల్లి ఇది. సన్నగా ఎర్రటి గోధుమ రంగులో ఉంటుంది, తల నలుపు. భూతద్దంలో చూస్తే వీపు మీద గుండుసూది గుచ్చినట్టు చిన్న కాడ నిలబడి ఉంటుంది. ఆ కాడ కనిపించిందంటే ఇక అనుమానం అక్కర్లేదు. అది లేత కాడలో ముక్కు గుచ్చినచోట మొదట తడిమచ్చ, తర్వాత గోధుమ రంగు, ఆపైన నల్లటి పొడవాటి పొక్కు. ఈ గాయాల్లోంచే శిలీంధ్రాలు దూరి పూతగుత్తి మొత్తాన్ని మాడ్చేస్తాయి. మబ్బు పట్టి ముసురు వేసిన వారంలో పూత మాడు ఎక్కువయ్యేది అందుకే. జీడికి పూత వచ్చేది కొత్త చిగురు కొసనే కాబట్టి, చిగురు మాడితే ఆ ఏటి గింజలు ఆశ లేనట్టే.

మనవాళ్ళకి ఈ జోడీ కొత్త కాదు. 2021లో తెలంగాణలో వేపచెట్లు కొసల నుంచి మాడిపోయి, ఊళ్ళో జనం కీడు అనుకున్నారు గుర్తుందా? అక్కడ ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు ఇదే టీ దోమ. చాలా వేపలు తర్వాత మళ్ళీ చిగిర్చాయి.

2. గోరు, జిప్ కవరు

ఎండిన కొమ్మని కొస నుంచి కిందికి గోరుతో గీకుతూ రండి. బెరడు కింద పచ్చగా, తడిగా ఉంటే బతికి ఉంది. గోధుమ రంగులో పొడిగా ఉంటే చచ్చింది. పచ్చ మొదలైనచోట ఒక ఎర్రగుడ్డ పీలిక కట్టండి. దీని పని తర్వాత ఉంది.

ఆ పచ్చకీ నలుపుకీ సరిహద్దులో రెండంగుళాల లేత ముక్క కోసి ఇంటికి తెచ్చుకోండి. కుళాయి కింద కడిగి, తడిపి పిండిన టిష్యూ కాగితం మీద పెట్టి, జిప్ కవరులో కాస్త గాలి ఉంచి మూసేయండి. ఎండ తగలని చోట మూడు నాలుగు రోజులు ఉంచాలి. ఫ్రిజ్‌లో వద్దు. (వంటింట్లో రవ్వ డబ్బా పక్కన కూడా వద్దు, తిట్లు తిన్నాను.) ముక్క మీద నారింజ, గులాబీ కలిసిన రంగులో జిగురు చుక్కల్లాంటివి లేస్తే కొల్లెటోట్రైకమ్ అనుకోవచ్చు. బూడిదరంగు నూగు గబగబా పెరిగి నల్లగా మారితే లాసియోడిప్లోడియా మీద అనుమానం పెట్టుకోవచ్చు. పచ్చటి పొడి బూజైతే అది రొట్టె మీద వచ్చే రకం, పట్టించుకోవద్దు.

ఒక మెలిక ఉంది. కొల్లెటోట్రైకమ్ ఆరోగ్యంగా ఉన్న కొమ్మలో కూడా చడీచప్పుడు లేకుండా దాగి ఉండగలదు. అందుకని బాగున్న చెట్టు నుంచి కూడా ఒక ముక్క తెచ్చి రెండో కవరులో పెట్టండి. రెండింట్లోనూ ఒకేలా లేస్తే ఈ పరీక్ష మీకు ఏమీ చెప్పనట్టే.

అప్పటికీ తేలకపోతే చింతామణి దగ్గర కురుబూరు కృషి విజ్ఞాన కేంద్రానికో, బెంగళూరులోనే బళ్ళారి రోడ్డు మీదున్న జీకేవీకే (వ్యవసాయ విశ్వవిద్యాలయం)లో తెగుళ్ళ విభాగానికో తీసుకెళ్ళండి. నమూనా పూర్తిగా ఎండిన కట్టెపుల్ల కాకూడదు, సగం పచ్చ సగం నలుపు ఉండాలి. దారిలో ప్లాస్టిక్ కవరులో ఉక్కిపోకుండా న్యూస్‌పేపరులో చుట్టండి. చెట్టు మొత్తం కనిపించే ఫొటో ఒకటి, మొదలుది ఒకటి తీసుకెళ్తే వాళ్ళ ప్రశ్నలు సగం తగ్గుతాయి.

3. గట్టు మీది చుట్టాలని చూడండి

జీడిమామిడి మన నేలది కాదు. పోర్చుగీసువాళ్ళు 16వ శతాబ్దంలో బ్రెజిల్ నుంచి తెచ్చారు. దాని సొంత అడవి జాతులు అక్కడే ఉన్నాయి. మన దగ్గరున్నవి దాని కుటుంబంలోని దాయాదులు. పేరులోనే వంశం ఉంది చూడండి: జీడి అంటే మన అడవి నల్లజీడి, చాకళ్ళు బట్టలకి గుర్తు పెట్టేది. దానికి మామిడిని కలిపి జీడిమామిడి అన్నారు. శాస్త్రవేత్తల లెక్కలో కూడా ఈ మూడూ ఒకే కుటుంబం. సారపప్పు ఇచ్చే మొర్రిచెట్టుదీ అదే ఇల్లు.

చుట్టరికం బాగానే ఉంటుంది, జబ్బులు కూడా పంచుకుంటారు కాబట్టి గట్లు చూడమంటున్నాను. గులాబీ తెగులు మామిడికి, పనసకి కూడా పడుతుంది. టీ దోమ వేప మీద, జామ మీద కూడా బతుకుతుంది. మీరు జీడి ఒక్కదానికే మందు కొట్టి, గట్టు మీది జామని వదిలేస్తే దోమ అక్కడ విశ్రాంతి తీసుకుని మళ్ళీ వస్తుంది. అలాగని వేపలు నరికేయమని కాదు. వాటిలో ఎండిన కొమ్మలు కూడా అదే రోజు తీసేయండి, కొత్త చిగురు మీద నల్లపొక్కులు ఉన్నాయేమో చూడండి. ఆకులు కుట్టుకుని గూళ్ళు కట్టే ఎర్రచీమలు ఉంటే మాత్రం వాటి జోలికి పోవద్దు. కుడతాయి, నిజమే. టీ దోమని తినేది కూడా అవే.

చుట్టాల నుంచి నేర్చుకోవాల్సింది కూడా ఉంది. ఆఫీసు పని మీద ఒక ఏడాది అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో ఉన్నాను. అక్కడ హేజెల్‌నట్ తోటలు ఎక్కువ. యూరప్ జాతి చెట్లవి. అనిసోగ్రామా అనే శిలీంధ్రం ఆ చెట్లని చంపేస్తుంది. అదే శిలీంధ్రం అమెరికా అడవి హేజెల్ మీద ఎప్పటినుంచో ఉంది, ఆ చెట్టు దాన్ని పెద్దగా లెక్కచేయదు. చివరికి తోటల్లోనే పరాగం కోసం పెట్టిన గ్యాస్‌అవే అనే పాతరకం తట్టుకుంటోందని గమనించి, దాని నుంచి జెఫర్సన్ లాంటి కొత్త రకాలు తీశారు. అమెరికా చెస్ట్‌నట్ చెట్టుకి అంత అదృష్టం లేదు. 1904లో న్యూయార్క్ బ్రాంక్స్ జూలో మొదట కనిపించిన ఎండు తెగులు అర్ధశతాబ్దంలో 300 నుంచి 400 కోట్ల చెట్లని తినేసింది. ఆ శిలీంధ్రం ఆసియా నుంచి వచ్చింది, ఆసియా చెస్ట్‌నట్లు దాన్ని చాలావరకు తట్టుకుంటాయి. విదేశం నుంచి వస్తూ సూట్‌కేసులో మొక్కలు, కొమ్మలు తెచ్చేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్ వచ్చేది ఇది చదివాకే.

జీడి విషయంలో బ్రెజిల్‌వాళ్ళు బంక తెగులుని తట్టుకునే బీఆర్ఎస్-226 అనే రకం తీశారు. పార్టీ కాదు, చెట్టే.

4. కోయడం

అసలు పని ఇదే. గింజలు ఏరడం అయిపోయాక, వానలు ఊపందుకోకముందు, అంటే మే చివర, జూన్ మొదట్లో పెద్ద కత్తిరింపు పెట్టుకోండి. గులాబీ తెగులు మాత్రం వానల్లోనే బయటపడుతుంది కాబట్టి కనిపించిన వారమే, వాన లేని రోజు చూసి కోయాలి.

చేతులకి గ్లవుజులు, లేదంటే మోచేతుల దాకా కొబ్బరినూనె. జీడి బెరడు రసం కొందరికి బొబ్బలు లేపుతుంది. బెంగళూరు ఎస్‌జేపీ రోడ్డులో మంచి మడత రంపం, కొమ్మ కత్తెర దొరుకుతాయి. చవకది కొనకండి, మొద్దు కత్తెర కొమ్మని నలుపుతుంది, నలిగినచోటే మళ్ళీ తెగులు.

ఎర్రగుడ్డ కట్టినచోట కోయకూడదు. దానికి జానెడు కింద, ఇంకా పచ్చగా ఉన్నచోట కోయాలి. శిలీంధ్రం బయటికి కనిపించేదానికంటే లోపల ముందు నడుస్తుంది. ఒరెగాన్ రైతులైతే పుండుకి రెండు మూడడుగుల కింద కోస్తారు. కోశాక తెగిన ముఖం చూడండి. మంచి జీడికర్ర అంతా ఒకే లేతరంగులో ఉంటుంది. ఒక పక్క నుంచి నడిమికి దోసె ముక్క తుంచినట్టు ముదురు గోధుమ రంగు కనిపిస్తే తెగులు ఇంకా కింద ఉన్నట్టే. ఇంకో జానెడు దిగి మళ్ళీ కోయండి. మొదటి ఏడాది ఒక కొమ్మని నాలుగుసార్లు కోశాను. ప్రతిసారీ పెద్దాయన "ఇంకా ఉంది" అంటుంటే ప్రాణం ఉసూరుమనేది. ఆ చెట్టే ఇప్పుడు తోటలో అన్నిటికంటే గుబురుగా ఉంది.

లావు కొమ్మైతే ముందు కింది వైపు నుంచి ఒక గాటు పెట్టి, తర్వాత పైనుంచి కోయాలి. లేదంటే కొమ్మ విరిగి పడుతూ కాండం బెరడుని చీల్చుకుపోతుంది. కాండానికి కలిసే దగ్గర ఉబ్బెత్తు మెడ ఉంటుంది, దాన్ని వదిలి కోయండి. మోడు మిగల్చకూడదు, మెడని కూడా చెక్కేయకూడదు. ముఖం కాస్త వాలుగా ఉంటే నీళ్ళు నిలవవు. చెట్టు మారినప్పుడల్లా రంపాన్ని స్పిరిట్ గుడ్డతో తుడవండి.

కోసిన కొమ్మలు ఆ రోజే తోట దాటాలి. పెద్దాయన వంటచెరుకుగా కావాలన్నాడు, నేను కాదనలేకపోయాను. చెట్ల కింద పేర్చకుండా ఇంటికి తీసుకెళ్ళాలి, వానలు పడేలోపు కాల్చేయాలి అని ఒప్పందం. ఎండిన పుల్లల మీద శిలీంధ్రం చావదు. మొదటి వానకే బీజాలు ఎగురుతాయి.

5. మైలుతుత్తం, సున్నం

కోసిన ముఖానికి బోర్డో పేస్ట్. లీటరు నీళ్ళకి 100 గ్రాముల మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), 100 గ్రాముల సున్నం. సగం నీళ్ళలో తుత్తం, సగం నీళ్ళలో సున్నం విడివిడిగా కలిపి ఒకటిగా చేయాలి. పాత పెయింటు కుంచెతో కోసిన ముఖం మీద, దాని చుట్టూ అంగుళం మేర బెరడు మీద పూయండి. గులాబీ పెచ్చులు, బంక పుండ్లు ఉన్నచోట చాకుతో మంచి బెరడు తగిలేదాకా గీకి, అక్కడా పూయాలి. వానలకి కొట్టుకుపోతే మళ్ళీ పూయాలి.

పిచికారీకి ఒక శాతం బోర్డో మిశ్రమం. పది లీటర్లకి లెక్క చెప్తాను, పెద్ద చెట్టుకి దాదాపు అంత పడుతుంది. తుత్తం 100 గ్రాములు గుడ్డలో మూటకట్టి, ప్లాస్టిక్ బకెట్లో ఐదు లీటర్ల నీళ్ళలో వేలాడదీయండి, రాత్రికి కరుగుతుంది. ఇనప, రేకు బకెట్లు వద్దు, తుత్తం వాటిని తినేస్తుంది. పొడి సున్నం ప్యాకెట్ల కంటే సున్నపురాళ్ళు మేలు. 100 గ్రాములు మట్టికుండలో వేసి కొద్దికొద్దిగా నీళ్ళు చిలకరించండి, బుసబుసమని పొంగుతూ వేడెక్కుతుంది. మొహం మీదికి వంచకండి. చల్లారాక ఐదు లీటర్లు చేసి గుడ్డలో వడకట్టండి. తుత్తం నీళ్ళని సున్నం నీళ్ళలోకి సన్నధారగా పోస్తూ కర్రతో కలుపుతూ ఉండాలి. ఆకాశనీలం రంగు వస్తుంది.

ఇప్పుడు మెరిసేలా రుద్దిన ఇనప చాకుని అందులో ముంచి కాసేపు ఉంచండి. చాకుకి రాగిరంగు తుప్పులాంటిది పట్టిందంటే తుత్తం ఎక్కువైంది, ఆకులు మాడతాయి. ఇంకాస్త సున్నం నీళ్ళు కలిపి, మళ్ళీ ముంచి చూడండి. కలిపిన రోజే వాడేయాలి. పురుగుమందులతో కలపకూడదు. ఇంత ఓపిక లేకపోతే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు వాడుకోవచ్చు. నేను మాత్రం తుత్తమే వాడతాను, చవక, పైగా ఆ నీలం చూడటం సరదా.

6. ఎప్పుడెప్పుడు

కత్తిరింపు అయ్యాక వానలు మొదలవుతుండగా ఒకసారి బోర్డో, అక్టోబరులో తెరిపి చూసి ఇంకోసారి. మన వైపు సెప్టెంబరు, అక్టోబరు వానలే పెద్దవి కాబట్టి ఆ రెండోది ఎగ్గొట్టకండి.

అక్టోబరు, నవంబరుల్లో కొత్త చిగురు వస్తుంది. అప్పటినుంచి వారానికోసారి పది చెట్ల దగ్గర ఆగి చిగుళ్ళు చూడాలి. నల్లపొక్కులు, టీ దోమ కనిపిస్తేనే లాంబ్డా సైహలోత్రిన్ 5 శాతం మందు, లీటరుకి 0.6 మిల్లీలీటర్లు. పూతగుత్తులు బయటపడేటప్పుడు మబ్బులు పట్టి, పూత మాడు మొదలైతే కార్బెండజిమ్ లీటరుకి 1 గ్రాము. అదే మందు పదే పదే వద్దు, శిలీంధ్రం అలవాటు పడుతుంది. పూలు విచ్చుకుని తేనెటీగలు తిరుగుతున్నప్పుడు ఏదీ కొట్టకండి. తప్పకపోతే సాయంత్రం, అవి గూటికి చేరాక. డబ్బా మీద రాసింది చదవండి, మాస్కు పెట్టుకోండి.

ఈ జాగ్రత్త ఊరికే చెప్పడం లేదు. కేరళ కాసరగోడులో జీడితోటల మీద ఏళ్ళ తరబడి హెలికాప్టర్లతో ఎండోసల్ఫాన్ చల్లింది ఈ టీ దోమ కోసమే. అక్కడి ఊళ్ళవాళ్ళు పడ్డ బాధ దేశమంతా చూసింది. 2011లో సుప్రీంకోర్టు ఆ మందుని ఆపించింది.

పోయిన చెట్ల స్థానంలో కొత్తవి పెట్టేవాళ్ళు అంటుమొక్కలే తీసుకోండి. మన వైపుకి చింతామణి-1 ఉంది. పుత్తూరులోని జీడి పరిశోధన కేంద్రం తీసిన భాస్కర రకం టీ దోమ ఉధృతి మరీ ఎక్కువ కానప్పుడు తప్పించుకుంటుంది. ఊరి మీద ప్రేమ ఉన్నవాళ్ళు బాపట్ల బీపీపీ-8 అడుగుతారు, అదీ మంచిదే. అంటు అతుకు దగ్గర నలుపో బంకో ఉంటే తీసుకోవద్దు. ఎనిమిది మీటర్ల ఎడం వదలండి. మొక్క చిన్నగా ఉన్నప్పుడు ఆ ఖాళీ చూడలేక మధ్యలో ఇంకోటి నాటాలనిపిస్తుంది. నాటకండి, గాలి ఆడని తోటలో తేమ ఆరదు.

ఇక ఆ ఎర్రగుడ్డ సంగతి. కోసి, పేస్ట్ పూసిన ప్రతి కొమ్మకీ కోతకి జానెడు కింద పీలిక మార్చి కట్టి, దాని మీద మార్కరుతో తేదీ రాయండి. రెండు వారాల తర్వాత శనివారం వెళ్ళినప్పుడు పీలిక పక్కన గోరుతో గీకి చూడండి. పచ్చగా ఉంటే పీలిక విప్పేయండి. గోధుమ రంగు కనిపిస్తే రంపం కారులోనే ఉంది కదా, తీయండి.